పదకొండో కవరు

చర్చి పక్క గది,
జూలై, మొదటి ఆదివారం

అక్కా,

ఫోన్ చేయలేదని అలగకు. ఫోన్‌లో నువ్వు ఆగవు, నేను మాట్లాడను. కాగితం మీదైతే ఇద్దరికీ చోటుంటుంది.

మొదటి క్లాసు అయింది. నువ్వు తొమ్మిదేళ్ళు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. దానికి ఒక కాలు పొట్టి. ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

పదకొండు మంది వచ్చారు. అందరికీ పద్నాలుగు, పదిహేనేళ్ళు. నేను లోపలికి రాగానే అందరూ నా భుజం మీదుగా వెనక్కి చూశారు, నువ్వు కూడా వస్తున్నావేమోనని.

"పెద్దక్క రారా?"

"ఆస్పత్రి వాళ్ళు బదిలీ చేశారు. వేరే ఊళ్ళో ల్యాబ్‌లో చేరింది."

"మరి భద్రమైన అభ్యంగనానికి మమ్మల్ని ఎవరు సిద్ధం చేస్తారు?"

"నేనే."

"అయ్యో" అంది ఒక అమ్మాయి. మర్యాదగానే అంది.

నువ్వు "ఎందుకమ్మ" అని పేరు పెట్టిన పిల్ల అదేనని తర్వాత తెలిసింది. గంటలో పద్నాలుగు సార్లు "ఎందుకు" అంది. పెళ్ళికెళితే పెళ్ళికొడుకుని కూడా ఎందుకొచ్చావని అడుగుతుంది.

నవంబరులో బిషప్ గారు వచ్చి వీళ్ళ నుదుట తైలం పూసి ఆ అభ్యంగనం ఇచ్చేదాకా నాకు ఇరవై ఆదివారాలున్నాయి. గోడ మీద పవిత్రాత్మ ఏడు వరాల పట్టిక ఇంకా నీ చేతిరాతలోనే ఉంది. నా పేరు కూడా నీ నుంచే వచ్చింది. నువ్వు పెద్దక్కవి కాబట్టి నేను చిన్నక్కనట.

ఎవరికీ చెప్పకు. నిన్న వంటగదిలో ఫ్రిజ్ ముందు నిలబడి పాఠమంతా రెండుసార్లు అప్పజెప్పాను. ఫ్రిజ్ బాగానే విన్నది. పిల్లలు వినలేదు.

నీ నోట్సు పుస్తకం ఎక్కడుంది?

చెల్లి


హాస్టల్, మూడో అంతస్తు,
జూలై

చిన్నీ,

ఆ కుర్చీ కాలికింద అట్టముక్క పెట్టాలే, మొద్దూ! లైబ్రరీలో పుస్తకాలు అతికేదానివి, అట్టముక్క తట్టలేదా? నోట్సు పుస్తకం ఇనప బీరువాలో, పూజ గిన్నెలు తుడిచే గుడ్డల కింద ఉంది. కానీ చూసి చదవకు. పిల్లలు కాగితం వాసన ఇట్టే పసిగడతారు. నవ్వించు, అరిపించు, మధ్యలో ఓ పాట పాడించు. నీకు పాట రాదుగా, పోనీ చప్పట్లు కొట్టించు.

ఎందుకమ్మని కనిపెట్టుకుని ఉండు. ఆ పిల్ల మనసు మంచి గట్టి నేల. తొందరగా తడవదు, తడిస్తే ఆరదు.

అక్టోబరులో ఉత్తరాల ఆదివారం వస్తుంది, గుర్తుందిగా? ఒక్కొక్కళ్ళూ బిషప్ గారికి సొంత చేత్తో ఉత్తరం రాయాలి. ఈ అభ్యంగన సంస్కారం నాకెందుకు కావాలి, ఆ రోజు నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసే జ్ఞానతల్లి ఎవరు, జ్ఞానతండ్రి ఎవరు అని. కవరు అంటించి నీకిస్తారు. నువ్వు మర్నాడు చర్చి ఆఫీసులో ఇచ్చేయాలి, అంతే. ఫాదర్ గారు కూడా విప్పరు. బిషప్ గారొక్కరే చదువుతారు. పెద్దవాళ్ళ కన్ను పడని చోటు ఆ పిల్లలకి అదొక్కటే. తొమ్మిదేళ్ళలో నేను ఒక్క కవరుని వెలుతురుకెత్తి కూడా చూడలేదు.

ఇక్కడ నన్ను "మేడమ్" అంటారు. పొద్దున్నించీ రక్తం గొట్టాలకి లేబుళ్ళు అంటిస్తాను. ఆదివారం చర్చిలో చివరి బెంచీలో కూర్చుని వస్తున్నాను. నువ్వు పాడతావా అని ఎవరూ అడగలేదు.

ఒక్కొక్కళ్ళ గురించీ రాయి. ఏం తిట్టుకున్నారో కూడా రాయి.

అక్క


లైబ్రరీ, బైండింగ్ గది,
ఆగస్టు చివర

అక్కా,

నీ నోట్సు పక్కన పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. అందులో ప్రతి పేజీలోనూ "ఇక్కడ నవ్వాలి" అని ఉంది. నేను చెబితే ఎవరూ నవ్వడం లేదు.

ఇప్పుడిలా చేస్తున్నాం. మొదటి పది నిమిషాలు సువార్తలో ఒక్క పేరా, ఎవరికి వాళ్ళు మనసులో చదువుకుంటారు. తర్వాత చీటీ మీద ఒక ప్రశ్న రాసి, పేరు పెట్టకుండా డబ్బాలో వేస్తారు. నేను ఒక్కొక్కటీ తీసి చదువుతాను. తెలిస్తే చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను.

పోయిన వారం ఒక చీటీ వచ్చింది. "దేవుడు ప్రేమ అన్నారు కదా, మరి దైవభయం ఏడు వరాల్లో ఒకటి ఎలా అవుతుంది?" నాకు తెలియదన్నాను. వారమంతా ఆలోచించాను. నిన్న చెప్పాను, అది దెబ్బలకి భయం కాదు, ఇష్టమైన వాళ్ళని ఎక్కడ పోగొట్టుకుంటామోనన్న భయం అని. గది నిశ్శబ్దమైపోయింది. మొదటిసారి ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది.

ఆ చీటీ ఎందుకమ్మదే. పేరు లేకపోయినా ఆ గీతలు ఇంకెవరివి? క్లాసయ్యాక ఉండిపోయింది. ఇద్దరం కలిసి కుర్చీలు మడిచాం. "మీరు తెలియదన్నారు చూడండి, అది బాగుంది. పెద్దవాళ్ళెవరూ అనరు" అంది.

పెద్దవాళ్ళెవరూ అంటే అందులో నువ్వూ ఉన్నావు కదా. ఊరికే అన్నాను.

జ్ఞానతల్లి ఎవరని అడిగితే "ఇంకా అనుకోలేదు" అని భుజాలెగరేసింది. నన్ను అడుగుతుందేమో అనిపిస్తోంది. అడిగితే బాగుండును.

చెల్లి


హాస్టల్,
సెప్టెంబరు

చిన్నీ,

అందింది. చీటీలు బాగానే ఉన్నాయి. కానీ నోరున్న పిల్లలకి చీటీలెందుకే? నా క్లాసులో గోల ఉండేది, నీ క్లాసులో లైబ్రరీ నడుస్తోందన్నమాట.

కుర్చీలు మడవడానికి నా దగ్గర ఎవరూ ఆగలేదు. తొమ్మిదేళ్ళూ నేనే మడిచాను. సరేలే.

జ్ఞానతల్లి సంగతి మనం అడగకూడదు. అది పిల్లల ఇష్టం. నువ్వు అడిగావంటేనే నాకు నచ్చలేదు.

పనుంది. ఉంటాను.

అక్క


ఇల్లు,
సెప్టెంబరు, నాలుగో ఆదివారం

అక్కా,

ఈ రోజు క్లాసులో నేను ఒక మాట దగ్గర తడబడ్డాను. ఎందుకమ్మ నవ్వి అందరి ముందూ అంది, "నిన్న ఫ్రిజ్‌కి సరిగ్గా అప్పజెప్పలేదా చిన్నక్కా?"

పదకొండు మందీ నవ్వారు. నీ నోట్సులో "ఇక్కడ నవ్వాలి" అని ఉన్నచోట కూడా అంత నవ్వలేదు.

ఫ్రిజ్ సంగతి ఈ లోకంలో ఒక్కరికే రాశాను.

ఎప్పటి నుంచి రాసుకుంటున్నారు మీరిద్దరూ?


హాస్టల్,
సెప్టెంబరు చివర

చిన్నీ,

అవును, రాసుకుంటున్నాం. జూలైలో ఆ పిల్లే మొదట రాసింది. "మీరు లేక బాగాలేదు" అని. ఏం, జవాబివ్వడం నేరమా? దొంగసొత్తు దొరికినట్టు ఆ ఉత్తరం ఏమిటి, కింద సంతకం కూడా లేకుండా!

ఫ్రిజ్ మాట తప్పే. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నిన్ను చూసి నవ్వాలని రాయలేదు. నువ్వెంత కష్టపడుతున్నావో ఆ పిల్లకి తెలియాలని రాశాను. నమ్మితే నమ్ము.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నీ మొహం ఎలా ఉంటుందో తెలుసు కనుక. కాన్వెంటులో సిస్టర్ నా నోటుబుక్కు మీ క్లాసుకి తెచ్చి "మీ అక్కని చూసి నేర్చుకో" అన్న రోజు పెట్టావే, ఆ మొహం. నాలుగు రోజులు దించలేదు.

నీకు వాళ్ళు పదకొండు మందీ ఎదురుగా ఉన్నారు. నాకు నెలకో ఉత్తరం వస్తుంది. అది కూడా నీకే కావాలా?

అక్క


లైబ్రరీ, బైండింగ్ గది,
అక్టోబరు, సోమవారం

అక్కా,

నేను ఒక తప్పు చేశాను. నీకే చెబుతున్నాను, ఇంకెవరికి చెప్పాలో తెలియక.

నిన్న ఉత్తరాల ఆదివారం. పదకొండు కవర్లు ఇచ్చారు. ఈ ఉదయం వాటిని ఆఫీసులో ఇచ్చి లైబ్రరీకి రావాలి. పది ఇచ్చాను. పదకొండోది సంచిలో ఉండిపోయిందని ఫాదర్ గారితో చెప్పాను. ఉండిపోలేదు. ఉంచుకున్నాను.

పాత పుస్తకాల లోపల అంటించిన లేబుళ్ళని చిరక్కుండా ఊడదీయడం ఇక్కడ నా రోజువారీ పని. అద్దుడు కాగితం తడిపి, పిండి, జిగురు మీద పరిచి పది నిమిషాలు ఆగితే చాలు. ఎంత మొండి జిగురైనా పట్టు వదిలేస్తుంది. ఆ పది నిమిషాలూ బల్ల ముందు నిలబడే ఉన్నాను. మానేయడానికి పది నిమిషాలు చాలా ఎక్కువ సమయం. మానలేదు.

ఎందుకమ్మ ఉత్తరం అది. రెండు కాగితాలు. మొదటి పేజీ సగంలోనే ఉంది, "నా జ్ఞానతల్లిగా పెద్దక్క నిలబడతారు" అని. నీ పేరు చూశాక ఇంక చదవలేదు. రెండో పేజీ తిప్పలేదు. మడిచి, కొత్త జిగురు సన్నగా రాసి, బరువు కింద పెట్టాను. మధ్యాహ్నం తీసుకెళ్ళి ఇచ్చేశాను. ఎవరూ పోల్చలేరు. నా చేతిపని అంత బాగుంటుంది.

నువ్వే గెలిచావు. ఆ గదిలో నువ్వు లేకుండానే.

చెల్లి


హాస్టల్,
అక్టోబరు

ఒసేయ్,

నీకేమైనా బుద్ధుందా? పిల్ల బిషప్ గారికి అంటించి ఇచ్చిన కవరు విప్పుతావా! కాన్వెంటులో పదేళ్ళు చదివి నేర్చుకుంది ఇదా? తలుచుకుంటే నాకే చెమటలు పడుతున్నాయి. ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయకు. ఫాదర్ గారి దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకో. ఈ వారమే వెళ్ళు.

సరే. ఏమని రాసింది? "పెద్దక్క" అనే రాసిందా, "మా పెద్దక్క" అనా? నీకు గుర్తున్నంతవరకూ మాట పొల్లు పోకుండా రాయి.

సెలవు దొరికింది, మూడు రోజులు. టిక్కెట్టు కొనేశాను. ఆ పిల్లకి ఇవ్వడానికి చిన్న వెండి శిలువ కూడా తీసుకున్నాను. ల్యాబ్‌లో అందరికీ చెప్పాను. ఒకావిడ "మీకంత పెద్ద కూతురుందా మేడమ్?" అంది. కాదని చెప్పడానికి కాస్త ఆలస్యం చేశాను.

నువ్వు మనసులో పెట్టుకోకు. నీకూ ఒక రోజు వస్తుంది.

అక్క


చర్చి పక్క గది,
నవంబరు, రెండో ఆదివారం

అక్కా,

టిక్కెట్టు సంగతి చూసుకో. పదకొండు మంది కాదు, పది మందే.

క్లాసుకి ముందు ఫాదర్ గారు పిలిచి చెప్పారు. "బిషప్ గారు ఆ అమ్మాయికి జవాబు రాశారమ్మా. ఒక ఏడాది ఆగుతానని అడిగిందట, సంతోషంగా ఆగమన్నారు. కారణం నన్ను అడగకు, నాకూ తెలియదు."

అయినా ఎందుకమ్మ క్లాసుకి వచ్చింది. మామూలుగానే కూర్చుంది. చివర ఉండిపోయింది. నేను అడగలేదు, తనే చెప్పింది.

"నమ్మకం లేక కాదు చిన్నక్కా. పెద్దక్క తనే రాశారు, నీ జ్ఞానతల్లిగా నేను నిలబడతాను, కాదనవు కదా అని. కాదంటే ఏడుస్తారు. ఔనంటే నేను ఆవిడ కోసం నిలబడినట్టు ఉంటుంది. నుదుట తైలం పూసేటప్పుడు కూడా వెనక ఆవిడ సంతోషంగా ఉన్నారా లేదా అనే చూస్తాను. అందుకే ఆవిడ పేరు రాసి, ఇలా ఉంది, ఆగవచ్చా అని బిషప్ గారిని అడిగాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే పెద్దక్కకి తెలుస్తుంది. పెద్దక్కకి చెబితే మీకు తెలుస్తుంది. మీ ఇద్దరి మధ్యా పోస్టాఫీసుంది కదా. ఇంక నాకు మిగిలింది బిషప్ గారే."

నవ్వుతూనే అంది. పదిహేనేళ్ళ పిల్ల, మనసులో మాట చెప్పుకోవడానికి మనిద్దరిలో ఒక్కరు కూడా పనికిరాక, ఎన్నడూ చూడని ఒక పెద్దాయనకి రాసుకుంది.

అడగకూడదు, అది పిల్లల ఇష్టం అని నాకు నీతి చెప్పావు. నువ్వెప్పుడు అడిగావు?

కవరు విప్పానని ఆ పిల్లకి నేనింకా చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెబితే ఇంక నా మొహం చూడదు.

చెల్లి


హాస్టల్,
నవంబరు

చిన్నీ,

నువ్వు కుర్చీల సంగతి రాసిన ఉత్తరం అందిన రోజే అడిగాను. అదే సాయంత్రం కూర్చుని రాశాను. నీ ఉత్తరం పక్కనే పెట్టుకుని రాశాను.

తొమ్మిదేళ్ళలో తొంభై మందికి పైగా తయారు చేశాను. ఒక్కళ్ళు కూడా నన్ను అడగలేదు. అందరికీ మేనత్తలు, పిన్నులు, పెద్దమ్మలు ఉంటారు కదా. నేను పాట పాడించే అక్కని. ప్రతి ఏడూ గోడ పక్కన నిలబడి, ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి ఉందో చూసేదాన్ని. ఒక్కసారి నా చెయ్యి కూడా ఒక భుజం మీద ఉండాలనిపించింది. అంతలో నువ్వు, మాటలు రాని దానివి, రెండు నెలలైనా తిరక్కుండా "నన్ను అడుగుతుందేమో" అని రాశావు. కడుపు మండింది. ఇంక దాచి ఏం లాభం?

టిక్కెట్టు రద్దు చేశాను. ఆ పిల్లకి రెండు ముక్కలు రాశాను, నాది పొరపాటని, జవాబివ్వక్కర్లేదని. ఏడ్చానని మాత్రం రాయలేదు.

నువ్వు చెప్పేయి. ఈ మాట అనడానికి నాకు మొహం లేదు, తెలుసు. కానీ చెప్పేయి. ఇద్దరిలో ఒకరన్నా ఆ పిల్ల దగ్గర సరిగా ఉండాలి.

అక్క


ఇల్లు,
నవంబరు, చివరి ఆదివారం

అక్కా,

చెప్పాను.

శుక్రవారం పుస్తకం వాపసు ఇవ్వడానికి లైబ్రరీకి వచ్చింది. బైండింగ్ గదిలోకి పిలిచాను. ఫ్రిజ్ ముందు అప్పజెప్పి వెళ్ళలేదు. ఎలా వస్తే అలా చెప్పాను.

"నేను నీ కవరు విప్పాను."

"ఏ కవరు?"

"బిషప్ గారికి రాసింది."

"అందరివీ విప్పారా?"

"నీదొక్కటే."

"నాదే ఎందుకు?"

"నీ జ్ఞానతల్లి ఎవరో తెలుసుకోవాలని. నేనై ఉండాలని."

బల్ల మీది జిగురు సీసా వైపు చూసింది. తర్వాత "ఎలా విప్పారు? చిరిగి ఉంటే ఆయన అడిగేవారు కదా" అంది. చూపించమంది. ఒక పాత కవరు తీసి, అద్దుడు కాగితం తడిపి చూపించాను. వంగి, ఊపిరి బిగబట్టి చూసింది. అంత ఆసక్తిగా చూస్తున్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టుంది, మధ్యలోనే వెనక్కి జరిగింది.

"ఎంతవరకు చదివారు?"

"మొదటి పేజీ సగం. అక్క పేరు కనబడగానే మూసేశాను."

"రెండో పేజీ?"

"లేదు."

నన్ను అలాగే చూసింది. "రెండో పేజీ అంతా మీ గురించే" అంది.

నేను ఆగాను. ఇంకేమైనా అంటుందని ఆగాను. తను సంచి భుజానికి తగిలించుకుంది.

"చెప్పను చిన్నక్కా. అది మీకు రాసింది కాదు."

వెళ్ళిపోయింది. తలుపు మెల్లగానే వేసింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

ఈ ఉదయం పూజలో పది మంది నిలబడ్డారు. వాళ్ళ వెనక పది మంది, పది చేతులు. ఎందుకమ్మ వాళ్ళమ్మ పక్కన కూర్చుని అన్ని జవాబులూ అందరికంటే గట్టిగా చెప్పింది. నేను నీ గోడ పక్కనే నిలబడ్డాను. అక్కడి నుంచి ఎలా కనిపిస్తుందో ఇప్పుడు తెలిసింది.

పూజయ్యాక బిషప్ గారు అందరినీ పలకరిస్తూ నా దగ్గర ఆగారు. "మీరేనా చిన్నక్క?" అన్నారు. అవునన్నాను. తల పంకించి నవ్వారు. ఏ నవ్వో తెలియలేదు. పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపి అడగాలనిపించింది. పిల్లలందరి ముందూ, నిజంగా.

నేను విప్పిన కవరులోనే, నేను పట్టుకున్న కాగితం వెనకే ఉంది ఆ పేజీ. నీ పేరు చూసి ఒళ్ళు మండి తిప్పలేదు. ఇంక ఎప్పటికీ తిప్పలేను.

వచ్చే జూలైలో మళ్ళీ క్లాసుకి వస్తానని ఫాదర్ గారితో చెప్పిందట. నాతో చెప్పలేదు.

నిన్నొకటి అడుగుతాను. ఎప్పుడైనా ఆ పిల్ల నీకు మళ్ళీ రాస్తే, రెండో పేజీ సంగతి అడగకు. తనంతట తనే చెబితే, నాకు చెప్పకు. చెప్పిందన్న సంగతి కూడా రాయకు.

చెల్లి